తెగని సూపర్‌హీరో బెల్టును తక్కువ ఖర్చుతో తయారుచేసుకోవడం ఎలా

కాస్‌ప్లే, అంటే కథల్లోని పాత్రలా వేషం వేసుకోవడం, అనగానే అందరి చూపూ ముందు ముసుగు మీద, తర్వాత భుజాల నుంచి వీపున వేలాడే కేప్ మీద పడుతుంది. తయారుచేసుకునేవాళ్లం కూడా ఆ రెండింటికే రోజులకు రోజులు కేటాయించి, బెల్టును చివరి రాత్రికి వదిలేస్తాం. నేనూ అలాగే చేశాను. అట్టముక్కలకు రంగు వేసి, హాట్ గ్లూతో అంటించి కట్టుకున్న నా మొదటి బెల్టు వేదిక ఎక్కకముందే, కుర్చీలో కూర్చున్న మొదటిసారే బకిల్ దగ్గర ఊడిపోయింది. మిగతా రోజంతా ఒక చేత్తో దాన్ని పట్టుకునే తిరిగాను. ఫోటోలన్నింటిలో నా ఎడమ చెయ్యి నడుము మీదే ఉంటుంది.

ఇంటికొచ్చి ఆ బెల్టును విప్పదీసి చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. మనం వేసుకునే వేషంలో అన్నిటికంటే ఎక్కువ కష్టపడేది బెల్టే. నిలబడితే ఒక కొలత, కూర్చుంటే ఇంకో కొలత. వంగిన ప్రతిసారీ ముందు భాగం ముడుచుకుంటుంది, వెనక భాగం లాగుతుంది. బెల్టుకు తగిలించే చిన్న సంచుల, అంటే పౌచ్‌ల బరువు కిందికి గుంజుతుంది. ఇంత లాగుడునూ చూడటానికి మాత్రమే పనికొచ్చే ఒక అట్టముక్క మీద, కాస్త గమ్ మీద పెట్టాను. ఊడక ఏమవుతుంది?

అప్పటినుంచి ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. ఒక బెల్టు అని కాకుండా రెండు బెల్టులు అనుకుని చేస్తాను. లోపలిది మోసే బెల్టు, పైది కనిపించే బెల్టు. లోపలి దానికి అందంతో పనిలేదు, పైదానికి బలంతో పనిలేదు. కింద చెప్పబోయే ప్రతి పనిలోనూ ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా సందేహం వస్తే "ఇక్కడ పడే లాగుడు దేని మీదికి వెళ్తోంది?" అని అడిగి చూడండి. నవారు మీదికి వెళ్తుంటే సరే. ఫోమ్ మీదికో, గమ్ మీదికో వెళ్తుంటే ఆ చోటు మార్చాలి.

కావలసినవి

ముందు ఇంట్లో మూలన పడేసిన పాత బ్యాగు ఒకటి వెతకండి. జిప్పు పాడైన బ్యాగుకు కూడా భుజం పట్టీ బాగానే ఉంటుంది. ఆ పట్టీ నవారు, దానికి ఉండే టిక్కుమని పడే ప్లాస్టిక్ క్లిప్పు బకిల్, ఈ రెండే మన లోపలి బెల్టు. బరువైన సామాను మోయడానికి చేసినవి కాబట్టి ఒక వేషానికి ఎంతో కాలం వస్తాయి. ఒకటిన్నర అంగుళం వెడల్పు నవారు అయితే మంచిది. నైలాన్‌దా, పాలీప్రొపిలీన్‌దా అన్న పట్టింపు అక్కర్లేదు. పాలీప్రొపిలీన్‌కు గమ్ సరిగా పట్టదు గానీ, మనం నవారుకు ఎక్కడా గమ్ పెట్టబోవడం లేదు.

పై బెల్టుకు 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ కావాలి. నేల మీద పరిచే, ఒకదానితో ఒకటి కలిసే మెత్తటి చాపలు చాలావరకు ఇదే పదార్థం. కాకపోతే అవి మందంగా ఉంటాయి, ముందు బకిల్‌లా కనిపించే చిహ్నం వెనక చట్రానికి పనికొస్తాయి. చిహ్నం మీద సన్నటి గీతలకు 2 మిల్లీమీటర్ల షీటు చిన్న ముక్క చాలు. పై తొడుగుకు రెక్సిన్. పాత హ్యాండ్‌బ్యాగు, చిరిగిన సోఫా కవరు, ఏదైనా సరే. వెనకవైపు అల్లిక బట్ట ఉండి కాస్త సాగే రెక్సిన్ దొరికితే వదలకండి.

గమ్ విషయంలో మాత్రం పొదుపు చేయకండి. చెప్పులు బాగుచేసేవాళ్లు, ఫర్నిచర్ పనివాళ్లు వాడే కాంటాక్ట్ గమ్ కావాలి. హాట్ గ్లూ చల్లారాక బిరుసెక్కుతుంది, వంగినప్పుడు పెళుసుగా విరుగుతుంది. పైగా ఎండలో మళ్లీ మెత్తబడుతుంది. బెల్టు అంటేనే వంగే వస్తువు కాబట్టి దాన్ని ఇక్కడికి రానివ్వకండి.

ఇవి కాక కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు, కొలత టేపు, మందపాటి సూది, పాలిస్టర్ దారం, అంగుళం వెడల్పు కాటన్ టేపు, కొంచెం వెల్క్రో. వేడి గాలి ఊదే హీట్ గన్ ఉంటే పని సులువవుతుంది.

కొలతలు: ఇక్కడ తొందరపడొద్దు

బెల్టును ప్యాంటు కట్టుకునే చోట కొలవకండి. కథల్లో హీరోల బెల్టు చాలావరకు నడుముకు కాస్త కింద, తుంటి ఎముకల మీద నిలుస్తుంది. వేషం మొత్తం వేసుకుని, లోపల వేసుకునే ప్యాడ్‌లు ఉంటే అవీ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి ఆ చోట టేపు చుట్టండి. తర్వాత కూర్చుని మళ్లీ కొలవండి. రెండు అంకెలూ రాసుకోండి. నవారును పెద్ద అంకెకు ఇంకో 10 అంగుళాలు కలిపి కోయండి. ఒక కొస బకిల్‌కు కుట్టడానికి, ఇంకో కొస బిగించుకోవడానికి, వదులు చేసుకోవడానికి ఈ అదనం కావాలి.

ఫోమ్ కొలతలో చాలామంది బోల్తా పడతారు. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని గుండ్రంగా చుడితే, బయటి అంచు చుట్టుకొలత లోపలి అంచు కంటే ఎక్కువ అవుతుంది. ఎంత ఎక్కువంటే మందానికి 2 రెట్లు, దానికి 3.14 రెట్లు. అంటే 31 మిల్లీమీటర్లు, ఒకటింపావు అంగుళం. టేపు చూపించిన అంకెకే ఫోమ్ కోస్తే ముందు చాలకుండా పోతుంది. కనుక 2 అంగుళాలు ఎక్కువే కోసి, ఒంటి మీద పెట్టి చూసుకున్నాక కత్తిరించండి.

ఇంకొక సంగతి. మన నడుము గొట్టంలా ఉండదు, పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. తిన్నటి పట్టీని తుంటి మీద చుడితే పై అంచు ఒంటికి దూరంగా తెరుచుకుని, లోపలికి వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. ఫోటోల్లో బెల్టు చవకగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే. దీనికి మందు కాగితం నమూనా. 3 అంగుళాల వెడల్పు కాగితం పట్టీ ఒంటికి చుట్టి, పై అంచు నుంచి కిందికి అక్కడక్కడా కత్తెరతో గాటు పెట్టండి. కింది అంచు దాకా తెగకూడదు. గాట్ల దగ్గర కాగితాన్ని ఒకదాని మీద ఒకటి జరిపి, పై అంచు ఒంటికి ఆనేలా టేపు వేయండి. తీసి బల్ల మీద పరిస్తే తిన్నటి పట్టీ ఇంద్రధనుస్సులా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపే మీ ఒంటి అసలు ఆకారం. ఫోమ్‌ను దాని ప్రకారమే కోయండి. మొదటిసారి ఈ వంపు చూసినప్పుడు నేను నమ్మలేదు, తిన్నగానే కోశాను. ఒక షీటు వృథా అయింది.

వెడల్పు మీ పాత్రను బట్టి ఉంటుంది. సూపర్‌మ్యాన్ లాంటి సన్నటి పసుపు బెల్టుకు 2 అంగుళాలు సరిపోతుంది, అప్పుడు నవారు అంగుళానిది వాడండి. బ్యాట్‌మ్యాన్ లాంటి పౌచ్‌ల బెల్టుకు 3 అంగుళాలు. ఇక్కడి నుంచి 3 అంగుళాల లెక్కే చెబుతాను.

లోపలి బెల్టు

నవారు కోసిన కొసలు పోగులు ఊడకుండా నిప్పు సెగ చూపించండి. కరిగి అంచు అతుక్కుంటుంది. కరిగిన చోట వేలు పెట్టకండి, అది చర్మానికి అంటుకుని కాలుస్తుంది. ఒక కొసను బకిల్ కడ్డీ చుట్టూ రెండున్నర అంగుళాలు మడిచి కుట్టండి. కుట్టు ఒక్క వరుస సరిపోదు. ముందు చతురస్రంగా చుట్టూ కుట్టి, ఆ చతురస్రంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు అడ్డంగా రెండు గీతలు కుట్టండి. బ్యాగుల పట్టీల దగ్గర ఈ కుట్టునే చూసి ఉంటారు. లాగుడు ఒకే గీత మీద పడకుండా నాలుగు వైపులా పంచుకుంటుంది. మిషన్ అయితే జీన్స్ సూది వేయండి. చేత్తో అయితే ప్రతి కుట్టునూ సగం వెనక్కి తెచ్చి ముందుకు వేస్తూ రండి.

రెండో కొసను క్లిప్పులోని బిగించే సగంలో దూర్చండి. దీన్ని మాత్రం కుట్టొద్దు, తర్వాత నవారును లూప్‌లలోంచి దూర్చడానికీ, ఉతకడానికీ ఈ సగం ఊడిరావాలి.  ఇప్పుడు కట్టుకుని, కూర్చుని, లేచి చూడండి. కనిపించేది ఏమీ లేకపోయినా మీ బెల్టులో అసలు పని ఇక్కడితో అయిపోయింది.

పై బెల్టు

ఫోమ్‌ను ఒకే కోతలో తెగ్గొట్టాలని చూడకండి. బ్లేడు నిటారుగా పట్టి, తేలిగ్గా రెండు మూడు సార్లు లాగండి. అంచు పళ్లు పళ్లుగా వస్తుంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. ఫోమ్ బ్లేడును చాలా త్వరగా తినేస్తుంది, అందుకే బ్లేడు చివరి ముక్క విరిచి కొత్త మొన తీసుకోండి.

కోశాక హీట్ గన్‌తో రెండు వైపులా సెగ చూపించాలి. గన్‌ను ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉంటే ఫోమ్ ఉపరితలం మెరుపు మారి నున్నగా అవుతుంది, సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి. వేడిగా ఉండగానే గుండ్రటి డబ్బాకు చుట్టి, చల్లారేదాకా ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి. ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. గన్ లేకపోతే డబ్బాకు చుట్టి, తాడు కట్టి రాత్రంతా వదిలేయండి. అంత కచ్చితంగా కాదుగానీ కొంత వంపు వస్తుంది. ఈ వేడి పనంతా గమ్ పూయకముందే పూర్తి కావాలి. కాంటాక్ట్ గమ్ వేడికి మెత్తబడి, అంటిన చోట విడిపోతుంది. పైగా ఆరని గమ్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. కిటికీలు తెరిచి పని చేయండి. పిల్లలు చేసుకుంటుంటే ఈ రెండు పనులూ పెద్దవాళ్లే చేయాలి.

ఇప్పుడు రెండు బెల్టులనూ కలిపే పని. చాలామంది ఇక్కడ నవారును ఫోమ్‌కు పొడవునా అంటించేస్తారు. అలా చేస్తే నవారు లాగిన ప్రతిసారీ ఫోమ్ కూడా లాగబడుతుంది, కొలత మార్చుకునే వీలు పోతుంది, ఉతకడానికి కూడా ఉండదు. దానికి బదులు ఫోమ్ వెనక బెల్టు లూప్‌లు పెడదాం. కాటన్ టేపును 3 అంగుళాల ముక్కలుగా ఓ ఎనిమిది కోయండి. ఒక్కో ముక్కను ఫోమ్ వెనక నిలువుగా పెట్టి, పైన ముప్పావు అంగుళం, కింద ముప్పావు అంగుళం మాత్రమే అంటించాలి. మధ్యలో ఒకటిన్నర అంగుళం ఖాళీగా ఉండాలి, అందులోంచే నవారు దూరుతుంది. అంటించేటప్పుడు ఆ ఖాళీలో నవారు ముక్క ఒకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచితే సందు సరిగ్గా వస్తుంది. నాలుగైదు అంగుళాలకు ఒక లూప్ చొప్పున పెట్టుకుంటూ వెళ్లండి. రెండు కొసల దగ్గర మాత్రం కొసకు అంగుళం లోపలే ఒక్కోటి ఉండాలి, లేకపోతే కొసలు బయటికి విచ్చుకుంటాయి.

కాంటాక్ట్ గమ్‌ను రెండు వైపులా పల్చగా పూసి, వేలితో తాకితే అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. వాతావరణాన్ని బట్టి పది పదిహేను నిమిషాలు పడుతుంది. తడిగా ఉండగా అంటిస్తే ఎంత నొక్కినా నిలవదు. ఆరాక కలిపితే తాకిన క్షణమే పట్టేస్తుంది, జరిపి సర్దుకునే అవకాశం ఉండదు. అందుకే ముందే పెన్నుతో గుర్తులు పెట్టుకోండి.

రంగు కంటే రెక్సిన్

పట్టీకి రంగు వేయాలా, తొడుగు వేయాలా అని అడిగితే నేను తొడుగే అంటాను. వంగే ఫోమ్ మీద ఎంత మంచి రంగు వేసినా, కూర్చుని లేచే చోట సన్నటి పగుళ్లు వస్తాయి. రెక్సిన్‌కు ఆ బెడద లేదు. చెమట పట్టినా తుడిస్తే పోతుంది, దూరం నుంచి తోలులాగే కనిపిస్తుంది.

ఫోమ్ కంటే నాలుగు వైపులా ముప్పావు అంగుళం ఎక్కువ ఉండేలా రెక్సిన్ కోయండి. ఫోమ్‌ను బల్ల మీద చదునుగా పెట్టి అంటించకండి, డబ్బా మీద వంచి ఉంచి అంటించండి. చదునుగా అంటిస్తే, తర్వాత వంచినప్పుడు బయటి అంచు పొడవు చాలక రెక్సిన్ లాగేస్తుంది. మధ్య నుంచి మొదలుపెట్టి కొసల వైపు నిమురుతూ వెళితే గాలి బుడగలు రావు. అంచులను వెనక్కి మడిచి, ఇందాక అంటించిన లూప్‌ల కొసల మీదుగా అతికించేయండి. లూప్ కొస ఫోమ్‌కూ రెక్సిన్‌కూ మధ్య ఇరుక్కుని గట్టిగా ఉంటుంది. వంపు ఉన్న చోట మడతకు చిన్న చిన్న గాట్లు పెట్టకపోతే ముడతలు పడతాయి. ఓపిక ఉంటే అంచుకు పావు అంగుళం లోపల చుట్టూ ఒక వరుస కుట్టు వేయండి. అది చూడటానికీ బాగుంటుంది, ఎప్పుడైనా గమ్ వదిలినా అంచు లేవదు.

ముందు వచ్చే చిహ్నం

చూసేవాళ్లకు బకిల్ అదే, కానీ అది దేన్నీ పట్టుకోదు. అసలు క్లిప్పు దాని వెనక దాక్కుని ఉంటుంది. క్లిప్పును వీపు వైపు పెట్టేవాళ్లూ ఉన్నారు. కేప్ ఉంటే అది కనిపించదు నిజమే, కానీ కుర్చీకి ఆనుకుంటే గుచ్చుకుంటుంది, పైగా మన బెల్టు మనం పెట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. ముందు పెట్టుకోవడమే మేలు.

ఒకటిన్నర అంగుళం క్లిప్పు, పెట్టాక సుమారు 3 అంగుళాల పొడవు, 2 అంగుళాల ఎత్తు ఉంటుంది. మీ క్లిప్పును కొలిచి చూసుకోండి. పై బెల్టు రెండు కొసల మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ వదలండి. చిహ్నం అయిదున్నర అంగుళాల వెడల్పు ఉంటే రెండు వైపులా అంగుళం చొప్పున కొసల మీదికి వస్తుంది. కుడి వైపు శాశ్వతంగా అంటించి రెండు కుట్లు వేయండి, ఎడమ వైపు వెల్క్రో పెట్టండి. కుడి కొసన చిహ్నం వచ్చే చోట రెక్సిన్‌ను తీసేసి నేరుగా ఫోమ్‌కే అంటిస్తే పట్టు బాగుంటుంది. క్లిప్పు మందానికి చోటు కావాలి కాబట్టి చిహ్నం వెనక 10 మిల్లీమీటర్ల ఫోమ్‌తో చుట్టూ చట్రం పెట్టి లోపల గుల్లగా వదిలేయండి.

చిహ్నం గీసేటప్పుడు కాగితాన్ని సగానికి మడిచి సగమే గీసి కత్తిరించండి, రెండు వైపులూ ఒక్కలాగే వస్తాయి. 5 మిల్లీమీటర్ల ముక్క అడుగున, 2 మిల్లీమీటర్ల గీతలు పైన. అంచులను బ్లేడు ఏటవాలుగా పట్టి చెక్కితే లోహం పోత పోసినట్టు కనిపిస్తుంది. సాండ్ పేపర్ పట్టేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వెల్క్రో బదులు అయస్కాంతాలు పెట్టాలనిపిస్తే పెట్టుకోండి, తాకగానే అతుక్కోవడం చాలా బాగుంటుంది. మామూలు నియోడైమియమ్ అయస్కాంతాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శక్తి కోల్పోతాయి, హీట్ గన్ వాటి దగ్గరికి రానివ్వకండి. చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం, కాబట్టి ఫోమ్ లోపల పూర్తిగా మూసేయండి.

రంగు ఈ ముక్కకే కావాలి, ఇది పెద్దగా వంగదు కాబట్టి నిలుస్తుంది. ముందు తెల్ల గమ్‌లో కొంచెం నీళ్లు కలిపి నాలుగైదు పూతలు పల్చగా వేయండి, ఒక్కోటీ పూర్తిగా ఆరాకే రెండోది. లోహం మెరుపు కావాలంటే నల్ల అక్రిలిక్ వేసి, ఆరాక వెండి రంగును దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో అంచుల మీద రుద్దండి. పసుపు రంగును నల్ల ఫోమ్ మీద నేరుగా వేస్తే ఎన్ని పూతలు వేసినా మురికి ఆకుపచ్చలా తేలుతుంది. ముందు తెలుపు వేసి, దాని మీద పసుపు వేయండి. చివర అక్రిలిక్ వార్నిష్ తప్పనిసరి, తెల్ల గమ్ చెమటకూ వానకూ మెత్తబడుతుంది.

పౌచ్‌లు

అన్నీ తెరుచుకోనక్కర్లేదు. ఒకటి ఫోన్‌కు, ఒకటి డబ్బుకు, తాళాలకు నిజమైనవి చేసి, మిగతావి గుల్ల పెట్టెలుగా మూసేయండి, బరువు తగ్గుతుంది. ఏదైనా చిన్న అట్టపెట్టెను విప్పి పరిస్తే అదే నమూనా. పౌచ్‌ను ఎప్పుడూ ఫోమ్‌కు అంటించకండి. వెనక నవారుతో చేసిన పొడుగాటి లూప్ కుట్టి, అది పై బెల్టు, లోపలి బెల్టు రెండింటినీ కలిపి చుట్టుకునేలా చూడండి. అప్పుడు ఫోన్ బరువు నవారు మీదే పడుతుంది, పౌచ్‌ను అటూ ఇటూ జరుపుకోవచ్చు కూడా. వీపు మధ్యలో ఓ ఆరు అంగుళాలు ఖాళీగా వదలండి, కుర్చీలో ఆనుకోవాలి కదా. చేతులు కిందికి వేలాడే చోట కూడా మందపాటి పౌచ్ వద్దు, నడిచేటప్పుడు ప్రతి అడుక్కీ మోచెయ్యి తగులుతుంది.

ఒంటి మీద పరీక్ష

నవారును లూప్‌లలోంచి దూర్చి, పౌచ్‌లు ఎక్కించి, పూర్తి వేషంతో ఇంట్లో కనీసం గంటసేపు తిరగండి. మెట్లెక్కండి, కింద కూర్చుని లేవండి, బాత్రూంకు వెళ్లి మీ అంతట మీరే తీసి పెట్టుకోగలరో లేదో చూడండి. మిగిలిన నవారు కొసను పక్క లూప్‌లో దోపేయండి. సాగే సూట్ల బట్ట నున్నగా ఉంటుంది, బెల్టు దాని మీద గిర్రున తిరుగుతుంది. రెండు పక్కలా, వీపు దగ్గర రెండు చోట్లా టిచ్ బటన్లు కుట్టండి. సగం సూటుకు, సగం లోపలి లూప్‌కు. ఇక చిహ్నం మధ్య నుంచి పక్కకు జరగదు.

వేషం తీశాక బెల్టును మడవకండి. నవారు లాగేసి ఉతికి ఆరేయండి, పై బెల్టును తడిగుడ్డతో తుడిచి డబ్బా చుట్టూ చుట్టి పెట్టండి. ఎండలో ఆపిన వాహనంలో వదిలేస్తే వేడికి ఫోమ్ ఆకారం మారుతుంది. కార్యక్రమానికి వెళ్లే సంచిలో ఒక చిన్న గమ్ ట్యూబు, సూదీ దారం, నాలుగు పిన్నీసులు, ఇంకొక క్లిప్పు పడేసుకోండి. క్లిప్పు విరిగినా బిగించే సగాన్ని నిమిషంలో మార్చవచ్చు. కుట్టిన సగం విరిగితే ఆ కుట్టు విప్పి మళ్లీ కుట్టాలి, పావుగంట పడుతుంది.